మగ్గాల వీధి లైన్

మహిపాల్ చెప్పులు బయట విడిచి, గడప దాటకుండానే మాట మొదలుపెట్టాడు. శుభవార్త మోసుకొచ్చినవాడి ముఖం అతడిది.

"రాధమ్మక్కా, టీచరమ్మ గూడ ఉన్నది గద, మంచిగైంది. గోవర్ధనన్న పేరు మీద ఒక గది పెడుతున్నం. ఫొటో పెద్దగ చేయించి గోడకు పెడ్తం. అమావాస్య నాడు మీటింగుల తీర్మానం చేస్తం."

రాధమ్మ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉంది. చేతిలో పోగు నడిపే నాడె ఉంది కానీ నేయడం లేదు. ఆమె ఆడబిడ్డ ఉమారాణి బడి నుంచి అప్పుడే వచ్చి, భుజం సంచి ఇంకా దించలేదు.

"ఏ గది?" అని అడిగింది ఉమారాణి.

"రేడియో గదే అక్కా. అన్న కూసుండేది."

"మరి రేడియో?"

మహిపాల్ తల గోక్కున్నాడు. వీధిలోని చేనేత సంఘానికి అతడు కొత్త అధ్యక్షుడు. ఇంకా నలభై రాలేదు. గద్వాల చీరను ఫోనులో చూపించి బెంగళూరు దాకా అమ్ముకురాగలడు. పండక్కి అందరికీ బోనసు ఇప్పించాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఉమారాణికి పని సులువయ్యేది.

"ఇప్పుడు రేడియో ఎవరు వింటున్నరక్కా? అందరి చేతుల ఫోనుంది. ఏం కావాలన్న అండ్లనే వస్తుంది. ఆ గదిల మంచి లైట్లు పెట్టి చీరలు ఫొటో తీసుకుంటె నాలుగు ఆర్డర్లు ఎక్కువొస్తయి. అన్న పేరు గూడ నిలబడుతది. రేడియో లైన్ బందై నెల దాటె. ఒక్కరన్న వచ్చి అడిగిన్రా? మీరే చెప్పున్రి."

 నెల రోజులుగా ఉమారాణిని లోలోపల కోస్తున్న మాట అదే. మహిపాల్ దాన్ని తెలియకుండానే పైకి తీశాడు.

ఆ వీధికి రేడియో లైన్ తాతల నాడు వచ్చింది. సంఘం కట్టడంలో ఒక చిన్న గది, అందులో ఒక రేడియో, ఒక మైకు. అక్కడి నుంచి ఒకటే తీగ ఇంటి కప్పు మీది నుంచి ఇంటి కప్పు మీదికి పాకుతూ వీధి చివరిదాకా పోతుంది. ప్రతి మగ్గం పైన, దూలానికి, అరచేతంత చెక్క డబ్బా. నేసేవాడి చేతులకూ కాళ్లకూ కళ్లకూ తీరిక ఉండదు, ఖాళీగా ఉండేవి చెవులే. ఆ చెవుల కోసం పెట్టుకున్న లైన్ అది. రోజంతా ఆకాశవాణి వచ్చేది. పాటలు, వార్తలు, రైతుల ముచ్చట్లు. పొద్దున మాత్రం కాసేపు ఉమారాణి అన్న గోవర్ధన్ మైకు ముందు కూర్చుని వీధి సంగతులు చదివేవాడు. పట్టు ధర ఎంత, దుకాణాలవాళ్లు ఏ రంగు అడుగుతున్నారు, కరెంటు ఎప్పుడు పోతుంది, ఎవరు దవాఖానలో ఉన్నారు, ఎవరి పిల్ల పరీక్ష పాసైంది. దానికి ప్రతి చీర కూలిలో కొంచెం పట్టుకునేవారు. లైన్ చందా అనేవారు దాన్ని.

వీధిలో ఎవరైనా పోతే లైన్ మూసేవారు. దినాలు అయ్యాక గోవర్ధన్ ఆ ఇంటికి వెళ్లి, గడప బయట నిలబడి, భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని, "తెరుద్దామా?" అని అడిగేవాడు. ఆ ఇంటి పెద్ద "తెరువు" అనాలి. అనేదాకా ఎంత పెద్ద వార్త ఉన్నా, ఎంత మంచి పాట వస్తున్నా, డబ్బా నోరు మెదిపేది కాదు. అన్నాక గోవర్ధన్ వచ్చి, మీట నొక్కి, ముందుగా ఒక్క మాట చెప్పేవాడు. ఫలానావాళ్ల ఇంటి నుంచి లైన్ తెరిచినం. ఆ తర్వాతే పాటలు.

నిద్రలోనే అన్న పోయిన ఆ తెల్లవారి, అతడి మొలతాడుకున్న తాళంచెవి విప్పుకుని పోయి లైన్ మూసింది ఉమారాణే. అది ఆమె సంచిలోనే ఉంది. దినాలు అయిపోయాయి. మగ్గాలు ఆడడం మొదలైంది. ప్రతి ఇంట్లో చెక్క డబ్బా పక్కనే ఒక ఫోను వచ్చి కూర్చుంది. పొద్దున బడికి నడుస్తుంటే ఒక ఇంట్లోంచి సినిమా పాట, పక్క ఇంట్లోంచి ఎవడో నవ్వించే మాటలు, ఆ పక్కనుంచి దేవుడి పాట, మధ్యలో నూనె డబ్బాల ప్రకటన. ఏదీ రెండడుగులు ఆమెతో కలిసి నడిచేది కాదు. ఇదివరకు వీధి ఈ చివర మొదలైన పాట ఆ చివరికి వెళ్లేసరికి పూర్తయ్యేది. ఇన్నాళ్లూ అన్న ఎవరి కోసం కూర్చున్నాడు ఆ గదిలో, అనుకుంది. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా అన్న మళ్లీ ఒకసారి పోయినట్టు ఉండేది.

"వద్దు," అంది ఉమారాణి.

"ఏది వద్దక్కా?"

"ఫొటో వద్దు. పేరు వద్దు. లైన్ ఉండాలె."

"ఎవరి కోసం?" మహిపాల్ వెక్కిరింపుగా అడగలేదు. నిజంగానే అడిగాడు.

"అమావాస్య నాడు చెప్త."

అతడు వెళ్లాక రాధమ్మ చేతిలో నాడె వైపే చూస్తూ ఉండిపోయింది. గడప వైపు ఒకసారి చూసి, తెగిన పోగు అతకడం మొదలుపెట్టింది.

*

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. పెద్ద అంచు చీరకు మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. రాధమ్మ చీర ఒళ్లూ ఒక పక్క అంచూ నేస్తే, అవతలి అంచు నాడె గోవర్ధన్ వేసేవాడు. ఇప్పుడు ఆ చోట కూతురు లహరి కూర్చుంటోంది. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం ఇంకా రాలేదు. పని చేతికి బాగానే వచ్చు. కానీ చెవుల్లో ఇయర్‌ఫోన్లు. తల్లి చెయ్యి ఒక వేగాన, కూతురు చెయ్యి ఇంకో వేగాన. ఆదివారం పొద్దున ఉమారాణి కందిపప్పు ఏరుతూ చూస్తుండగానే అవతలి అంచు ముడుచుకుపోయింది.

 రాధమ్మ నేసిన జానెడు మేరా పోగులు విప్పడం మొదలుపెట్టింది. అది చూసి లహరి ఇయర్‌ఫోన్లు లాగేసింది.

"ఏందమ్మా, చెప్పొచ్చు గద!"

"చెప్పిన. నీ చెవుల వేరే ఎవరో చెప్తుండె."

"నాయినతోని నేస్తుంటె నువ్వు పాటలు వినలేదా?"

"విన్నం. ఇద్దరికి ఒక్కటే పాట. అది ఉరికితె ఇద్దరం ఉరుకుదుము, అది నిమ్మళంగ పోతె ఇద్దరం నిమ్మళంగ పోదుము."

లహరి మేనత్త వైపు తిరిగింది. "నిజం చెప్పు అత్తమ్మా. ఆ డబ్బల నాకు నచ్చింది ఎన్నడన్న వచ్చిందా? పొద్దున లేస్తె ఆముదాల పురుగు, కంది తెగులు. మనకేమన్న చెలకుందా, పొలముందా?"

"మీ మామకు గట్టు ఊర్ల ఉంది," అంది రాధమ్మ పోగు మీంచి తల ఎత్తకుండా. "పురుగు మందు పేరు విని నేనే ఫోన్ చేసి చెప్పిన పోయినేడు."

"చూసినవా, నువ్వు గూడ ఫోనే చేసినవ్!"

ఉమారాణికి నవ్వు వచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చింది కాబట్టి దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఫోన్ల నాకు నచ్చిందే వస్తది అత్తమ్మా. అందుకె నాకు ఫోనే కావాలె. దీంట్ల తప్పేముంది?"

"తప్పేం లేదు. నచ్చిందే వస్తది," అంది ఉమారాణి. "బక్కయ్య తాత దవాఖానల ఉన్నడు, తెల్సా?"

లహరి ముఖం మారింది. బక్కయ్య వాళ్లకు నాలుగో ఇల్లు. చిన్నప్పుడు ఈమెను భుజాన వేసుకుని తేరు చూపించినవాడు. "ఎప్పుడు? ఏమైంది?"

"పడ్డడంట. తుంటి కాడ విరిగింది. వారమైంది. నాకు గూడ నిన్ననే తెలిసింది."

"నాకెవరు చెప్పలే."

"ఎవరు చెప్తరు?"

 లహరి ఇయర్‌ఫోన్లను మెడలో వేసుకుని, తల్లితో పాటు పోగులు విప్పడానికి కూర్చుంది.

*

అమావాస్య నాడు ఆ వీధిలో మగ్గం తాకరు. అందుకే సంఘం మీటింగులన్నీ ఆ రోజే. మధ్యాహ్నం తిండి కాగానే సంఘం కట్టడం ముందు వరండాలో చాపలు పరిచారు. మగవాళ్లు ముందు, ఆడవాళ్లు వెనక గోడకు ఆనుకుని. రేడియో గది తలుపు అదే వరండాలో, తాళంతో. గోడకు చేరవేసి ఒక ఫొటో, అప్పటికే చట్రం కట్టించి, పాత కాగితం చుట్టి ఉంది. ఉమారాణి దాన్ని చూసి, చూపు మళ్లించుకుంది.

మహిపాల్ మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు. పట్టు ధర వాట్సాప్‌లో పొద్దున్నే వస్తోందన్నాడు. పాట కావాలంటే ఫోను ఉందన్నాడు. లైన్ చందాను ఇక మీద కూలీలోంచి పట్టొద్దని, గోవర్ధనన్న గౌరవార్థం గదికి ఆయన పేరు పెడదామని అన్నాడు.

రంజిత్ అని ఒక యువకుడు, ఇంకో నాలుగు ఇళ్లలో నేసేవాళ్లకు కూడా పని ఇచ్చేవాడు, కూర్చున్నచోటి నుంచే అందుకున్నాడు. "నేనైతే వినను. విననోని కాడ ఎందుకు పట్టుకోవాలె? నెల నెల రీచార్జ్ చేపిస్తనే ఉన్న. వినేటోళ్లు కట్టుకోండ్రి. అంతే గద న్యాయం?"

కొన్ని తలలు ఊగాయి. మాట న్యాయంగానే ఉంది మరి.

ఉమారాణి లేచి నిలబడింది. బడిలో పిల్లల ముందు ఇన్నేళ్లు మాట్లాడిన గొంతే అది. ఏం చెప్పాలో రాత్రి అంతా వరుస పెట్టుకుంది. నిలబడేసరికి వరుస చెదిరిపోయింది. ఉన్నమాట ఒక్కటే మిగిలింది.

"మా అన్న మీద జాలితోని ఎవరు చెయ్యెత్తొద్దు. ముందే చెప్తున్న. ఆయన ఫొటో మా ఇంట్ల ఉంది, ఈడ అక్కర లేదు."

మహిపాల్ కాగితం చుట్టిన ఫొటో వైపు ఇబ్బందిగా చూశాడు.

"రంజిత్ చెప్పింది నేను గూడ ఆలోచన చేసిన. తీగ ఒక్కటే. నీ ఇంటి మీదికెల్లి పక్కింటికి పోతది, పక్కింటికెల్లి ఆ పక్క జములమ్మవ్వ ఇంటికి. నువ్వు వద్దని నీ కాడ కోస్తె నీ ఒక్కని ఇంట్లనే బందు కాదు, ఆడికెల్లి చివరి దాక బందైతది. ఫోను గట్ల కాదు, ఎవరిది వాళ్లదే. అందుకే మస్తు సుకం. అందుకే బక్కయ్య తాత పడ్డది ఈడ సగం మందికి తెల్వదు."

వెనక ఆడవాళ్లలో గుసగుస. నిజంగనా? ఎప్పుడు? ఏ దవాఖాన?

"మహిపాల్ ఇంకోమాట అన్నడు. నెల దాటింది, ఒక్కరన్న అడిగిన్రా అని. నిజమే. నేను గూడ చూసిన. రోజు ఇదే వీధికెల్లి బడికి పోత, ఒక్కరు అడుగలే." ఇక్కడ ఆమె గొంతు కొంచెం గట్టిపడింది. "అయిన ఉండాలనే అంటున్న. ఎవ్వరు అడుగకున్న ఉండాలె. రేపు మళ్ల అడిగినా గిదే చెప్త."

 ముందు వరుసలో మద్దిలేటి, అందరిలోకీ పెద్దవాడు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింటున్నవాడు, తల ఎత్తాడు.

"ఏం మాట్లాడుతున్నవ్ బిడ్డా? మేమెట్ల అడుగుతం?"

"ఎట్లంటే ఏంది పెద్దనాయినా, నోటితోని."

"అడిగేటోడే పాయె గద!"

ఉమారాణికి అర్థం కాలేదు. మద్దిలేటి విసుగ్గా చేతులు ఊపాడు. "చావైన ఇంటికి పోయి, గడప కాడ నిలబడి, తెరుద్దామా అని అడిగేది ఎవరు? గోవర్ధన్. అది ఆయన పని. ఆయన ఇంటికే చావొస్తె ఎవరు అడగాలె? నేను పోదునా? ఆయన పనిని నెల తిరగంగనే నేను ఎత్తుకుంటినని మీరు అనుకోరా? ఆయన బొంద మీది మన్ను ఆరలేదు. మీ ఇంటికెల్లే పిలుపొస్తదని సూస్తున్న. ఊర్కె గూసోని ఉంటె చెయ్యి సాగక ఆ ఫోన్ల ఏదో పెట్టుకుంటుంటి."

"మేమూ గంతే," అన్నారు వెనకనుంచి. "మీరు చెప్పాలె గద టీచరమ్మా."

గోడ దగ్గర రాధమ్మ లేచి నిలబడింది. మీటింగులో ఆమె గొంతు ఎవరూ ఎప్పుడూ వినలేదు. "నేను రోజు గడప కాడికి సూస్తున్న," అంది. "ఎవరన్న వచ్చి అడుగుతరని. ఎవరు రాకపాయిరి. ఆయన మాటకు గింతే విలువనా అనుకున్న."

 వీధి అంతా ఇంటి పిలుపు కోసం, ఇల్లు వీధి కోసం, నెల పాటు ఒకరి గడప ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. ఎవరో ఒకాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఆ దగ్గుకు ఇంకొందరు నవ్వారు. కళ్లు తుడుచుకున్నవాళ్లూ ఉన్నారు.

మద్దిలేటి మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. చాపల మధ్య నుంచి నడిచి రాధమ్మ ముందు నిలబడి, భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు.

"రాధమ్మా, తెరుద్దామా?"

 రాధమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తీసి, చెప్పింది.

"తెరువున్రి."

"తీర్మానం కాలె ఇంక..." అన్నాడు మహిపాల్.

ఉమారాణి అప్పటికే సంచిలోంచి తాళంచెవి తీసింది. "తీర్మానం నువ్వు రాసుకో మహిపాల్. చావు తర్వాత లైన్ తెరిచేదానికి ఈ వీధిల ఎన్నడు మీటింగ్ పెట్టలే."

గదిలో దుమ్ము, ముక్క వాసన. కుర్చీ మీద అన్న మడిచి పెట్టుకున్న పాత దుప్పటి, నడుం నొప్పికి. ఆమె కూర్చోలేదు. నిలబడే మీట నొక్కింది. రేడియో గొంతు సవరించుకున్నట్టు ఒకసారి గరగరలాడి, సర్దుకుంది. మైకు దగ్గరికి లాక్కుంది. బడిలో హాజరు పిలిచే గొంతుతోనే, తొందరపడకుండా, చెప్పింది.

"గోవర్ధన్ ఇంటి నుంచి లైన్ తెరిచినం."

ఖాళీ మగ్గాల ఇళ్లలోంచి, తీసి ఉన్న తలుపుల్లోంచి, ఆమె మాట ఆమెకే తిరిగి వినిపించింది, వీధి ఆ చివరి దాకా. తను అలాగే నిలబడి ఉంటే ఏడుపు వస్తుందని ఆమెకు తెలుసు. అందుకని వెంటనే ఇంకో మాట చెప్పింది. "బక్కయ్య తాత దవాఖానల ఉన్నడు. పోయేటోళ్లు పోయి చూడున్రి." ఆపైన ఆకాశవాణికి వదిలేసింది.

ఎవరో నింపాదిగా మాట్లాడుతున్నారు. ఆముదం పైరుకు వచ్చే పురుగు గురించి.

వరండాలోకి వచ్చేసరికి లహరి కడుపు పట్టుకుని నవ్వుతోంది. పక్కనే రాధమ్మ, ఏడుస్తూ, ఆ నవ్వుకు తను కూడా నవ్వుతోంది.

*

చేతులు ఎత్తారు. చందా ఉంచాలన్నవాళ్లు ఎక్కువే అయ్యారు, అందరూ కాదు. రంజిత్ ఎత్తలేదు.

"నేను కట్టనక్కా," అన్నాడు చెప్పులు వేసుకుంటూ. "ఉన్నమాట చెప్తున్న."

"కట్టకు. తీగ మటుకు ముట్టొద్దు. నువ్వు కట్టకున్న నీ ఇంట్ల మోగుతది."

"నాకొద్దంటున్న గద!"

"నీకొద్దు. మీ అవ్వకు కావాలె. రోజు పొద్దటికెల్లి గా డబ్బ కిందనే మంచం వేసుకుంటదంట. పోయి అడుగు. నీకు సప్పుడు ఎక్కువైతె డబ్బకు తిప్పే చెవి ఉంది, తగ్గించుకో. మాకేం కోపం లేదు."

అతడు వీధిలోకి చూశాడు. వాళ్ల ఇంటి గడపలో ముసలామె అప్పటికే కూర్చుని, లోపలి దూలం వైపు తల తిప్పి వింటోంది. రంజిత్ తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

మహిపాల్ మిగిలాడు, ఫొటో చేతిలో పట్టుకుని. "అక్కా, ఇట్ల కొందరు కట్టి కొందరు కట్టకపోతె ఎన్ని రోజులు నడుస్తది? మళ్ల మీటింగుల పెట్టాల్సి వస్తది."

"పెట్టు," అంది ఉమారాణి తాళంచెవిని తన కొంగుకు ముడి వేసుకుంటూ. "ప్రతి అమావాస్యకు పెట్టు. ప్రతి అమావాస్యకు వస్త."

"మరి ఈ ఫొటో?"

ఆమె కాగితం కొంచెం జరిపి చూసింది. అన్న ఎన్నడూ వేసుకోని కోటు ఎవరో కంప్యూటర్లో తొడిగారు. ఆమె కాగితం మళ్లీ కప్పింది. "మా ఇంటికి తెచ్చియ్యి. కోటు తీపిచ్చి."

తెల్లవారి బడికి పోయే ముందు ఆమె ఆ గదిలోనే, ఈసారి అన్న దుప్పటి మీద, కూర్చుని పట్టు ధర చదివింది. కరెంటు సంగతి చెప్పింది. లేచి ఇంటికి వచ్చేసరికి మగ్గం మీద తల్లీకూతుళ్లు ఇద్దరూ ఉన్నారు. రెండు నాడెలు ఒకే దెబ్బకు పోతున్నాయి. లహరి ఇయర్‌ఫోన్లు మెడలో ఉన్నాయి, తీసి పారేయలేదు.

"అత్తమ్మా, పాట కావాలంటె చీటీ రాసిస్తె వేస్తవా?"

"వేస్త," అంది ఉమారాణి సంచి భుజాన వేసుకుంటూ. "ఆముదాల పురుగు అయిపోయినంక."